ఫుట్‌ప్రింట్ లైబ్రరీలు: వెతకడం ఒక ఎత్తు, సరిచూడడం ఒక ఎత్తు

(సంఘ వార్షిక సమావేశంలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. జీవితమంతా బోర్డుల మీద గీతలు గీసి బతికినవాణ్ణి. కార్యదర్శి గారు ఇంటికి వచ్చి, "మన పిల్లలు చాలామంది పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నారు, వాళ్ళకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి" అన్నారు. కాదనలేకపోయాను. చదువు గొప్పదనం గురించి చెప్పడానికి నాకన్నా అర్హులు ఈ సభలోనే ఉన్నారు. నేను ఒక చిన్న విషయం మాత్రమే తీసుకుంటాను. చిన్నదే గాని దానివల్ల మన పిల్లల డబ్బు, కాలం ఎంతో వృథా అవుతున్నది.

ఈ రోజు సర్క్యూట్ బోర్డును కాగితం మీద ఎవరూ గీయరు. కంప్యూటరులో సాఫ్ట్‌వేరుతో గీస్తారు. అందులో రెండు రకాల బొమ్మలు ఉంటవి. ఒకటి సింబల్. ఏ కాలు దేనికి కలవాలో అది చెబుతుంది. రెండవది ఫుట్‌ప్రింట్. ఆ వస్తువు బోర్డు మీద కూర్చునే చోట రాగి ప్యాడ్లు ఎక్కడెక్కడ ఉండాలి, ఎంత వెడల్పు, ఎంత ఎడం, రంధ్రం ఎంత, ఒకటో నంబరు కాలు ఎటువైపు, ఇదంతా అందులో ఉంటుంది. సింబల్ తప్పయితే కొన్నిసార్లు సాఫ్ట్‌వేరే హెచ్చరిస్తుంది. ఫుట్‌ప్రింట్ తప్పయితే ఎవరూ హెచ్చరించరు. బోర్డు తయారై చేతికి వచ్చాకే తెలుస్తుంది. షేర్వానీ కుట్టడానికి దర్జీ వేరేవాళ్ళ కొలత చూసి బట్ట కత్తిరించినట్టన్న మాట. బట్ట మంచిదే, కుట్టూ మంచిదే, తొడుక్కుంటే భుజం పట్టదు!

మా కాలంలో ఇది ఎట్లా ఉండేదో కొంచెం మనవి చేస్తాను. 1967లో మన హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. డాక్టర్ ఎ.యస్.రావు గారు దానికి ప్రాణం పోశారు. ఆ నీడన కుషాయిగూడ ప్రాంతంలో చిన్న చిన్న ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు లేచాయి. 1978లో నేను అటువంటి ఒక చిన్న ఫ్యాక్టరీలో లేఅవుట్ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. కింద దీపం వెలిగే గాజు బల్ల, దాని మీద మైలార్ షీటు, నల్ల టేపు, గుండ్రని ప్యాడ్ల స్టిక్కర్లు, ఒక బ్లేడు. ఇవే మా పనిముట్లు. అసలు సైజుకు రెండింతలు పెద్దగా అంటించి, తర్వాత ఫోటో తీసి చిన్నది చేసేవాళ్ళం. ఐ.సి. కాళ్ళ మధ్య ఎడం 2.54 మిల్లీమీటర్లయితే మా షీటు మీద అది 5.08.

మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన దగ్గర ఒక అట్ట రిజిస్టరు. స్టోర్సులోకి కొత్త ట్రాన్సిస్టర్ వచ్చినా, రిలే వచ్చినా, ఆయన వెర్నియర్ పెట్టి స్వయంగా కొలిచి, బొమ్మ వేసి, తేదీ రాసి, కింద సంతకం చేసేవారు. కంపెనీ వాళ్ళ పుస్తకంలో ఉంది కదా ఉస్తాద్ అంటే, "పుస్తకం వాళ్ళది, బోర్డు మనది" అనేవారు. ఆ మాట అప్పుడు నాకు చాదస్తంగా తోచేది. ఈ రోజు నా ప్రసంగం మొత్తం ఆ ఒక్క మాటే.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1985లో అమెరికాలో ఆర్‌క్యాడ్, ఆస్ట్రేలియాలో ప్రోటెల్ మొదలైనవి. ఆ ప్రోటెలే తర్వాత ఆల్టియం అయింది. 1988లో జర్మనీ నుంచి ఈగిల్ వచ్చింది. 1992లో ఫ్రాన్సు దేశంలో గ్రెనోబుల్‌లో పాఠాలు చెప్పే జాన్ పియెర్ షరాస్ అనే ఆయన కిక్యాడ్ మొదలుపెట్టారు. ఇది పూర్తిగా ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చును, మార్చుకోవచ్చును. సెర్న్ అనే పెద్ద అణు పరిశోధనశాల కూడా దాని అభివృద్ధికి తోడ్పడింది. మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి. వాళ్ళ ఫాసీ విభాగం తయారు చేసిన ఇసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కూడా ఈ కిక్యాడే ఉన్నది. వేలల్లో, లక్షల్లో డబ్బు పోసి సాఫ్ట్‌వేరు కొనలేని మన పిల్లలకు ఇది గొప్ప అవకాశం.

అయితే, సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరికింది కాబట్టి కొలత కూడా ఉచితంగా వచ్చేసిందని పిల్లలు అనుకుంటారు. అక్కడే దెబ్బ తగులుతుంది. మా ఇంట్లోనే తగిలింది. అది చెబుతాను.

మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఒక పరికరం చేసింది. వయసు మళ్ళినవాళ్ళకు మందుల వేళ గుర్తు చేసే పెట్టె. వాళ్ళ దాదీమా షుగరు మాత్ర రెండుసార్లు మింగి ఆస్పత్రి పాలైంది. ఆ సంఘటన చూసి పిల్ల మనసులో పుట్టిన ఆలోచన. అందులో మందుల పట్టిక దాచుకోవడానికి ఒక ఎనిమిది కాళ్ళ ఫ్లాష్ మెమొరీ ఐ.సి. ఉంది. విన్‌బాండ్ కంపెనీది, డబ్ల్యు25క్యు వరుసలోది. ఇంటర్‌నెట్‌లో ఆ నంబరు కొట్టింది, ఒక ఫుట్‌ప్రింట్ దొరికింది, దింపుకుంది, బోర్డు గీసింది, అయిదు బోర్డులు చేయించింది. మూడు వేల పైచిలుకు ఖర్చు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు.

ఐ.సి. కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళింది. మన నారాయణగూడలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. అక్కణ్ణుంచి నడిచిపోవచ్చు. కౌంటర్ మీది మనిషి ఒక్క మాట అడిగాడట: "ఛోటా బాడీ యా బడా బాడీ?" పిల్లకు అర్థం కాలేదు. ఐ.సి.కి బాడీ ఏమిటి అనుకుంది. "ఏదైనా ఇవ్వండి భాయ్, నంబరు అదే కదా" అంది. ఆయన పెద్దది ఇచ్చాడు.

వైవాకు ఇంకా పన్నెండు రోజులుంది. రాత్రి పదిన్నరకు ఫోను. "మామూ, ఐ.సి. బోర్డు మీద కూర్చోవడం లేదు." ఏడుపు గొంతు. మర్నాడు చూశాను. ఆ ఐ.సి. రెండు వెడల్పుల్లో వస్తుంది. ఒకటి 150 మిల్లు, అంటే ఒళ్ళు 3.9 మిల్లీమీటర్లు. కాళ్ళతో కలిపి సుమారు 6. రెండవది 208 మిల్లు, ఒళ్ళు 5.3, కాళ్ళతో కలిపి దాదాపు 8. కాళ్ళ మధ్య ఎడం రెండింటికీ ఒక్కటే, 1.27. పేరు కూడా ఒక్కటే. చివరి అక్షరాలే తేడా. 'ఎస్‌ఎన్' అని ఉంటే చిన్నది, 'ఎస్‌ఎస్' అని ఉంటే పెద్దది. పిల్ల దింపుకున్నది చిన్నదాని ఫుట్‌ప్రింట్, కొన్నది పెద్ద ఐ.సి. కాళ్ళు ప్యాడ్లు దాటి అవతల పడ్డాయి.

మళ్ళీ గుజరాతీ గల్లీకి పోయి చిన్నది అడిగితే ఆ రోజు లేదన్నారు. మన మహల్లాలోనే పాత టీ.వీ.లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు. చదువు ఎనిమిదో తరగతి. బోర్డు చేతిలోకి తీసుకుని ఒక్క చూపు చూసి, "బేటా, ఇది పెద్ద బాడీ, నీ జాగా చిన్నది" అన్నాడు. భూతద్దం పెట్టుకుని, ఆ ఎనిమిది కాళ్ళనూ లోపలికి వంచి, రెండు చోట్ల వెంట్రుకలాంటి తీగ వేసి సోల్డరింగ్ చేశాడు. అయిదింట్లో ఒక్క బోర్డు పని చేసింది. ఆ ఒక్కదానితో వైవా గట్టెక్కింది. మిగతా నాలుగూ ఇప్పటికీ ఆ పిల్ల బీరువాలో ఉన్నాయి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఫుట్‌ప్రింట్ గీసినవాడు చిన్నదానికి సరిగానే గీశాడు. దుకాణదారు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. పిల్లకు ఆ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. నేను నలభై ఏళ్ళు ఇదే పని చేసినవాణ్ణి, మూడు వీధుల అవతల ఉన్నవాణ్ణి, నేనూ నేర్పలేదు. అందుకే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

ఇక అసలు సంగతి. ఫుట్‌ప్రింట్ ఎక్కడ వెతకాలి? ఒక వరుస చెబుతాను, పిల్లలు రాసుకోండి.

మొదటిది, మీ సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే లైబ్రరీ. కిక్యాడ్‌తో వేల ఫుట్‌ప్రింట్లు వస్తాయి. కొందరు ఐ.సి. నంబరు కొట్టి, దొరకలేదని వదిలేస్తారు. అది పొరపాటు. అందులో చాలావరకు వస్తువు పేరుతో ఉండవు, ఒంటి కొలతతో, అంటే ప్యాకేజీ పేరుతో ఉంటాయి. 'ఎస్‌ఓఐసి-8, 3.9 బై 4.9 మి.మీ., పిచ్ 1.27' అని పేరులోనే కొలత ఉంటుంది. పక్కనే '5.3 బై 5.3' అని ఇంకొకటి ఉంటుంది. మా పిల్ల ఈ రెండు పేర్లూ చదివి ఉంటే అక్కడే అనుమానం వచ్చేది. కాబట్టి ముందు డేటాషీటు తెరిచి ప్యాకేజీ ఏమిటో తెలుసుకోండి, తర్వాత వెతకండి. చేత్తో సోల్డరింగ్ చేసేవాళ్ళు పేరు చివర 'హ్యాండ్‌సోల్డర్' అని ఉన్నది తీసుకుంటే మంచిది. ప్యాడ్లు కొంచెం పొడుగ్గా ఉంటాయి, కాపర్ బిట్ మొన ఆనుతుంది.

రెండవది, ఆ వస్తువు తయారుచేసిన కంపెనీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు తమ ఐ.సి.ల ఫుట్‌ప్రింట్లు అల్ట్రా లైబ్రేరియన్ ద్వారా ఇస్తున్నారు. ఇ.ఎస్.పి. 32 మాడ్యూళ్ళు చేసే ఎస్‌ప్రెసిఫ్ వాళ్ళు కిక్యాడ్ లైబ్రరీ సొంతంగానే పెట్టారు.

మూడవది, విడిభాగాలు అమ్మే పెద్ద సంస్థలు, వాటితో కలిసి పనిచేసే లైబ్రరీ సంస్థలు. డిజికీ, మౌసర్ వాళ్ళ దగ్గర వస్తువు పేజీలోనే ఫుట్‌ప్రింట్ దింపుకునే దారి ఉంటుంది. స్నాప్‌ఇడిఎ అని ఒకటి ఉండేది, 2023లో దాని పేరు స్నాప్‌మ్యాజిక్ అయింది. కాంపొనెంట్ సెర్చ్ ఇంజన్ అని ఇంకొకటి. పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. కిక్యాడ్‌కు కావాలా, ఆల్టియంకు కావాలా, ఈగిల్‌కు కావాలా అని అడిగి ఆ రూపంలోనే ఇస్తారు. మంచి సేవే. అయినా కళ్ళు మూసుకుని తీసుకోకూడదు.

నాలుగవది, ఇతరులు తమ ప్రాజెక్టులతో పాటు బయట పెట్టిన లైబ్రరీలు. ఇందులో బంగారమూ ఉంది, ఇత్తడీ ఉంది. ఆ బోర్డు నిజంగా తయారై పని చేసిందా, ఫోటో ఉందా చూడండి.

అయిదవది, ఎక్కడా దొరక్కపోతే మీరే గీసుకోవడం. దీనికి జంకనవసరం లేదు. డేటాషీటు చివరి పేజీల్లో ప్యాడ్లు ఎట్లా ఉండాలో బొమ్మ ఉంటుంది. అది చూసి కిక్యాడ్ ఫుట్‌ప్రింట్ ఎడిటర్‌లో గీయడం అలవాటైతే అరగంట పని. ఐ.పి.సి. అనే సంస్థ 2005లో 7351 నంబరుతో ఒక ప్రమాణం వెలువరించింది. ప్యాడ్ ఎంత ఉండాలో లెక్క అందులో ఉంది.

దింపుకున్న లైబ్రరీ ఎక్కడ పెట్టాలో చాలామందికి తెలియదు. కిక్యాడ్ ఫుట్‌ప్రింట్లు చివర 'ప్రెట్టీ' అని ఉండే ఫోల్డరులో ఉంటవి. ప్రిఫరెన్సెస్‌లోకి పోయి మేనేజ్ ఫుట్‌ప్రింట్ లైబ్రరీస్ తెరిచి ఆ ఫోల్డరు చూపించాలి. అక్కడ రెండు పట్టికలు ఉంటాయి. గ్లోబల్ అంటే మీ కంప్యూటరులోని అన్ని ప్రాజెక్టులకు, రెండవది ఈ ఒక్క ప్రాజెక్టుకు. స్నేహితులతో కలిసి చేసే పని అయితే రెండవదానిలో పెట్టి, ఫోల్డరును ప్రాజెక్టులోనే ఉంచండి. లేకపోతే మీ దగ్గర తెరుచుకున్న లైబ్రరీ వాళ్ళ దగ్గర కనపడదు.

వెతకడం అయింది. ఇక మోసపోయే చోట్లు కొన్ని చెబుతాను. ఇవన్నీ నేను కళ్ళారా చూసినవే.

బిసి547, 2ఎన్3904. రెండూ ట్రాన్సిస్టర్లే, రెండూ ఒకే నల్ల టోపీలో వస్తాయి. చదును ముఖం మనవైపు, కాళ్ళు కిందికి పెట్టుకుని చూస్తే మొదటిదానికి ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండవదానికి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకటి లేదని ఇంకొకటి పెడితే తిరగబడుతుంది. అట్లాగే 7805కు ఇన్‌పుట్, గ్రౌండు, అవుట్‌పుట్ అని వరుస. చూడటానికి అచ్చం అట్లాగే ఉండే ఎల్ఎం317కు అడ్జస్ట్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. పైనున్న లోహపు రేకు కూడా మొదటిదానిలో గ్రౌండు, రెండవదానిలో అవుట్‌పుట్. తెలియక రెండింటినీ ఒకే హీట్‌సింకుకు బిగిస్తే షార్టే!

చిన్న రెసిస్టర్ల సంగతి మరీ చిత్రం. 0603 అంటే అంగుళాల లెక్కలో 1.6 బై 0.8 మిల్లీమీటర్లు. మెట్రిక్ లెక్కలో అదే 0603 అంటే 0.6 బై 0.3. చీమ తలకాయంత. ఏ లెక్కో చూడకుండా పెట్టినవాళ్ళు ఉన్నారు.

బజారులో దొరికే చిన్న డిస్‌ప్లేలు, 0.96 అంగుళాల ఓఎల్ఇడిలు. నాలుగే కాళ్ళు. కొన్నింటికి మొదట గ్రౌండు, తర్వాత కరెంటు. కొన్నింటికి మొదట కరెంటు, తర్వాత గ్రౌండు. పక్కపక్కనే అమ్ముతారు. ఇ.ఎస్.పి. బోర్డులు కూడా అంతే. ముప్ఫై కాళ్ళవి, ముప్ఫై ఎనిమిది కాళ్ళవి, రెండు వరుసల మధ్య వెడల్పు ఒక్కో తయారీకి ఒక్కో తీరు. వీటికి ఏ లైబ్రరీనీ నమ్మకండి. ముందు వస్తువు కొనండి, కొలవండి, తర్వాత గీయండి. ఇంకొక మాట. కనెక్టర్ల బొమ్మలు కొన్ని డేటాషీట్లలో కిందినుంచి చూసినట్టు వేస్తారు. పైనుంచి అనుకుని గీస్తే అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది.

మరి సరిచూడడం ఎట్లా? చాలా తేలిక. బోర్డు గీయడం పూర్తి కాగానే ప్రింటరు మీద అసలు సైజులో, అంటే ఒకటికి ఒకటి, కాగితం మీద అచ్చు తీయండి. 'పేజీకి సరిపెట్టు' అన్నది తీసేయండి. స్కేలు పెట్టి బోర్డు పొడుగు కొలిచి, అచ్చు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోండి. తర్వాత కొన్న వస్తువులను ఒక్కొక్కటీ ఆ కాగితం మీద వాటి జాగాలో కూర్చోబెట్టండి. ఒకటో నంబరు కాలు ఎక్కడుందో చూడండి. రంధ్రాల కాళ్ళను కాగితంలోకి గుచ్చండి. 1ఎన్4007 డయోడు కాలు 1ఎన్4148 కాలుకన్నా లావు. ఒకదాని రంధ్రంలో రెండవది దూరకపోవచ్చు. చిక్కడపల్లిలో గాని, అశోక్‌నగర్‌లో గాని పోటీ పరీక్షల పిల్లల కోసం సందుకొక జెరాక్స్ దుకాణం ఉంది. కొద్ది చిల్లరతో అయిపోయే కాగితం. మా పిల్ల ఆ కాగితం తీసి ఉంటే నాలుగు బోర్డులు బీరువాలో ఉండేవి కావు.

ఇంకొక సంగతి కూడా పెద్దలు గమనించాలి. ఈగిల్ సాఫ్ట్‌వేరును 2016లో ఆటోడెస్క్ కంపెనీ కొన్నది. 2026 జూన్ 7తో దానిని నిలిపివేస్తామని 2023లో ప్రకటించింది. ఏళ్ళ తరబడి అందులో లైబ్రరీలు కూర్చుకున్నవాళ్ళు ఎంతోమంది. ఆ లైబ్రరీలను కిక్యాడ్ తెరవగలదు కాబట్టి నష్టం తప్పించుకోవచ్చును. కాని నేర్చుకోవలసిందేమిటంటే, మన కొలతలు పరాయివాడి తాళంలో ఉండకూడదు. కిక్యాడ్ లైబ్రరీలను ఎవరైనా వాడుకోవచ్చు. దిద్దినదానిని ఇతరులకు పంచితే అదే షరతుతో పంచాలి. వాటితో చేసిన బోర్డును మాత్రం బయట పెట్టనవసరం లేదు, అమ్ముకోవచ్చును.

చివరిగా ఒక మనవి. మన సంఘం స్కాలర్‌షిప్పులు ఇస్తున్నది, పుస్తకాలు ఇస్తున్నది. సంతోషం. దానితో పాటు రెండు చిన్న పనులు చేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆఫీసులో ఒక మంచి వెర్నియర్ కాలిపర్, ఒక భూతద్దం ఉంచండి. ఆఫీసు కంప్యూటరులో ఒక ఉమ్మడి లైబ్రరీ ఫోల్డరు పెట్టండి. అందులోకి ఏ ఫుట్‌ప్రింట్ చేరినా ఒక నియమం ఉండాలి. అది నిజంగా బోర్డు మీద కూర్చున్నదై ఉండాలి. ఎవరు కొలిచారు, ఎప్పుడు, వస్తువు ఎక్కడ కొన్నది, పూర్తి నంబరు ఏమిటి, ఇవి రాయాలి. మా ఉస్తాద్ రిజిస్టరు వంటిదే. మొదటి ఫుట్‌ప్రింట్ మా చెల్లెలి కూతురిది. ఆ పెద్ద ఐ.సి.ది సరిగా గీసి, కాగితం మీద సరిచూసి, నిన్న నాకు పంపింది. కింద తన పేరు, తేదీ కూడా రాసింది.

కొలవడం నేర్పడానికి మనుషుల్ని బయటినుంచి తేనవసరం లేదు. టీ.వీ.లు, ఫోన్లు, ఇన్వర్టర్లు బాగుచేసే మన భాయ్‌లు ఈ సభలోనే వెనక వరుసల్లో కూర్చున్నారు. వాళ్ళకు సాఫ్ట్‌వేరు రాదు, మన పిల్లలకు వస్తువు తెలియదు. ఆదివారం రెండు గంటలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇద్దరి లోటూ తీరుతుంది. భాయ్‌లు దయచేసి ముందు వరుసలోకి రావాలని కోరుతున్నాను.

పిల్లలకు నేను చెప్పేది ఇంతే. లైబ్రరీ ఎక్కడ దొరికినా తీసుకోండి, గీసినవాళ్ళకు మనసులో కృతజ్ఞత చెప్పుకోండి. కాని బోర్డుకు డబ్బు కట్టే ముందు కొలత మీ చేత్తో ఒకసారి చూడండి. ఈసారి గుజరాతీ గల్లీలో "ఛోటా బాడీ యా బడా బాడీ" అని అడిగితే, జవాబు చెప్పగలిగి ఉండండి.